రెండో పిన్ను

విశాఖపట్నంలో వాయిద్యాలమ్మే కొట్టాయన రెండు పెట్టెలు తీసి అద్దాల బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. రెండూ అరచేతికంటే కాస్త పెద్దవి.

"స్టేజీకా, రికార్డింగుకా?" అని అడిగాడు.

"రెంటికీనండి."

"రెంటికీ అంటే ఏదో ఒకటి సగం వదులుకోవాలి. చూసుకోండి."

రెండు వేల దశకం చివరి సంవత్సరాల మాట ఇది. ల్యాప్‌టాప్ పెట్టుకుని పాటల కచేరీలు చేసేవాళ్ళు దానికి తగిలించుకునే ఈ పెట్టెని ఇంగ్లీషులో ఆడియో ఇంటర్ఫేస్ అంటారు. మేం సౌండ్ కార్డు అనేవాళ్ళం. మైకులో పడిన శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపేదీ, ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్ని బయట ఆంప్లిఫయరుకి అందించేదీ అదే. బల్ల మీదున్న మొదటి పెట్టెకి మైకులు పెట్టుకునే కన్నాలు రెండు, శబ్దం బయటికొచ్చే కన్నాలు రెండు. దానికి విడిగా కరెంటు అక్కర్లేదు, ల్యాప్‌టాప్ నుంచే తీసుకుంటుంది. రెండో పెట్టెకి మైకు కన్నం ఒక్కటే. బయటికొచ్చే కన్నాలు మాత్రం నాలుగు. దానికి వేరే అడాప్టరు కావాలి.

ఈ తేడాలన్నీ నాకు అప్పటికే తెలుసు. తెలుసన్న గర్వంతోనే ఆ కొట్టు మెట్లెక్కాను.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు పనికి కుదిరాను. గుండ్లు ఒక వైపు, బద్దలు ఒక వైపు, ముక్కలు ఒక వైపు. మిగతా చదువంతా టెక్కలి లైబ్రరీలోనే. సెలవు రోజున బస్సెక్కి వెళ్ళి, తలుపులు తీసినప్పటి నుంచి మూసేదాకా కూర్చునేవాణ్ణి. శబ్దశాస్త్రం మీద అక్కడ ఒక పాత ఇంగ్లీషు పుస్తకం ఉండేది. చివరి పేజీలు చెదలు తిన్నాయి. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో వాక్యం నోటుబుక్కులోకి దించుకుంటూ ఏడాదికి పైగా దాన్ని చదివాను. చెదలు తిన్న పేజీల్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. మిగిలిన పేజీల మీద మాత్రం ఎవరితోనైనా వాదించగలనని అనుకునేవాణ్ణి.

ఇంటర్ఫేస్ అనే మాట మొదటిసారి విన్నప్పుడు కూడా నిఘంటువు దగ్గరికే వెళ్ళాను. రెండు తలాలు ఒకదానికొకటి ఆనుకునే చోటు అని రాసి ఉంది. ఆ ఆదివారం మా మావకి చెప్పాను.

మావ కాసేపు ఆలోచించి, "అలగైతే నా సెయ్యీ, డోలకు మొకమూ ఆనుకునే సోటన్నమాట. దానికి డబ్బులెట్టి కొనడమేట్రా అల్లుడా?" అన్నాడు.

మావంటే మా అమ్మకి తమ్ముడు. ఉద్దానంలో సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. వేటకి వెళ్ళని రోజుల్లో డోలకు వాయించేవాడు. ఆయన భార్య, మా అత్త, పాడేది. నేను కీబోర్డు. మా ముగ్గురిదీ ఒక చిన్న పాటల పార్టీ. సోంపేట నుంచి టెక్కలి దాకా అమ్మవారి సంబరాలకీ, పెళ్ళిళ్ళకీ, అన్నప్రాసనలకీ పిలిచేవారు. పిలిచినవాళ్ళెవరూ నా కీబోర్డు కోసం పిలవలేదు. "ఆ డోలకు పార్టీని తెండి" అనేవారు.

ఆ ఏడు మావ పాదాలు పొంగడం మొదలైంది. ఉద్దానంలో పాదాలు పొంగితే కారణం ఎవరూ అడగరు, కిడ్నీల జబ్బేనని అందరికీ తెలుసు. టెక్కలిలో రక్తపరీక్ష చేయించుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని వచ్చాడు. ఆ కాగితాన్ని నేనే చదివి చెప్పాను. క్రియాటినిన్ అన్న మాట మా ఊళ్ళలో అక్షరం రానివాళ్ళకి కూడా తెలుసు. అంకె వినగానే అత్త లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మావ మాత్రం, "ఈ కాయితం మీ అమ్మకి సూపించకు" అని మళ్ళీ మడిచేశాడు.

రెండు నెలల తర్వాత కాశీబుగ్గ దగ్గర ఒక పెళ్ళిలో, మూడో పాటలో, మావ ఎడమచెయ్యి తప్పింది. డోలకుకి ఎడమవైపు మొహం బరువైన గొంతుది. ఆ చెయ్యి తడబడితే పాటకి కింద నేల పోయినట్టుంటుంది. మావ దగ్గినట్టు నటించి సర్దుకున్నాడు. అత్త ఒక చరణం వదిలేసి పాట ముగించింది. తిరిగొస్తుంటే ఆటోలో నా పక్కన కూర్చుని అడిగాడు.

"ఎవులైనా కనిపెట్టారేటి?"

"లేదు మావా."

"నువ్వు కనిపెట్టావు. మీ అత్త కనిపెట్టింది. అంటే ఇద్దరు."

తర్వాత తనే అన్నాడు. "మిగతా ఊళ్ళోళ్ళు ఏటైనా అనుకోనీ. మనూరి సంబరంలో మాత్రం నాను డోలకు దించేసినట్టు ఎవులూ సూడకూడదు. ఈ ఒక్క ఏడూ గడిపేత్తే సాలు."

సంబరానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలల్లో చేతుల్లో బలం తగ్గడమే గాని పెరగదని ముగ్గురికీ తెలుసు. అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. చేతులు ఇంకా ఆడుతుండగానే మావ వాయింపంతా పాటపాటకీ రికార్డు చేసుకోవాలి. సంబరం రోజున అది ల్యాప్‌టాప్ నుంచి వస్తుంది. మావ డోలకు ఒళ్ళో పెట్టుకుని, చేతులు పైపైన ఆడిస్తే చాలు. ల్యాప్‌టాప్ ఒకటి పాతది మా ఫ్యాక్టరీ గుమస్తా దగ్గర దొరికింది. కావలసింది సౌండ్ కార్డే.

నేను ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. మావ విని, చాలా నెమ్మదిగా, "ఉత్తసెయ్యన్నమాట" అన్నాడు.

ఆ మాట గురించి చెప్పాలి. వాళ్ళ ఊళ్ళో పెద్ద వలని ఒడ్డు నుంచే లాగుతారు. రెండు తాళ్ళు, ఒక్కో తాడుకి పాతికమంది. లాగే బలం లేని ముసలివాళ్ళు పక్కన నిలబడి పాట చెబుతారు. అంటే అందరి చేతులూ ఒక్కసారి పడేలా లెక్క పలుకుతారు. పాట చెప్పినవాడికి కూడా చేపల్లో వాటా ఉంటుంది. వాటా లేనిది ఒక్కడికే, తాడు మీద చెయ్యి వేసి, లాగకుండా లాగుతున్నట్టు కనిపించేవాడికి. వాణ్ణి ఉత్తసెయ్యి అంటారు. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళి నేనూ ఆ తాడు పట్టుకునేవాణ్ణి. ఒకసారి అలిసిపోయి ఊరికే పట్టుకుని నడుస్తుంటే మావ వెనకనుంచి నా మెడ మీద ఒకటి వేశాడు. "లాగితే లాగు. నేపోతే పక్కకొచ్చి పాట సెప్పు. ఉత్తసెయ్యి మాత్రం ఎయ్యకు. అవతలోడి బరువు పెరుగుతాది."

ఆ రోజు మావ ఆ మాట అన్నప్పుడు నేను దాన్ని దాటేశాను. "అదీ ఇదీ ఒకటి కాదు మావా. వాయింపు నీదే కదా. నీ చేతుల శబ్దమే కదా వచ్చేది" అన్నాను. నా వాదన బాగుందని కూడా అనుకున్నాను.

మావ ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. "రెండు మొకాలూ ఇనబడాల. ఒక్క మైకు మజ్జిలో ఎట్టి, అటూ ఇటూ కానట్టు తియ్యకు."

అందుకే ఆ కొట్లో నా కళ్ళు మొదటి పెట్టె మీదే ఉన్నాయి. రెండు మైకులు, రెండు మొహాలు. ఒకటి పెళపెళమనే సన్నగొంతుకి, ఒకటి గుమ్మనే బరువుగొంతుకి. కొట్టాయన మాత్రం రెండో పెట్టెని నా వైపు జరిపాడు.

"స్టేజీ మీద మీవాళ్ళకి చెవిలో ఏదైనా వినిపించాలంటే, జనానికి వెళ్ళేదీ అదీ వేరుగా ఉండాలి. నాలుగు కన్నాలుంటే రెండు జనానికి, రెండు మీకు. ఇది తీసుకెళ్ళండి. తర్వాత బాధపడరు."

ఆయన చెప్పింది నిజం. మా అత్తకి చెవిలో ఒక గుర్తు కావాల్సిందే. మావ ఎదురుగా వాయిస్తుంటే ఆమె ఎప్పుడు ఊపిరి తీసుకుంటే అప్పుడు ఆయన ఆగేవాడు. ల్యాప్‌టాప్ ఆగదు. చరణం ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకి ముందే తెలియాలి. కాని దానికి నా దగ్గర ఉపాయం ఉంది. కాశీబుగ్గ నెట్ సెంటర్లో గంటల కొద్దీ కూర్చుని, ఎక్కడెక్కడి వాద్యగాళ్ళో రాసుకున్నవి చదివి పట్టుకున్నాను. జనానికి వెళ్ళేదంతా ఎడమ కన్నంలోకి తోసెయ్యాలి. చెవిలో వినిపించేదంతా కుడి కన్నంలోకి. ఎడమదానికి ఆంప్లిఫయరు పిన్ను పెడతాం. కుడిది వెనక ఖాళీగా వదిలేస్తాం. హెడ్‌ఫోను కన్నంలో రెండూ వస్తాయి కాబట్టి, కుడి చెవిది మాత్రం అత్త పెట్టుకుంటుంది. రెండు కన్నాల పెట్టెతో నాలుగు కన్నాల పని.

ఇదంతా ఆయనకి వివరంగా చెప్పాను. స్టీరియో అంటే ఏమిటో కూడా చెప్పాను. ఇరవయ్యేళ్ళుగా ఆ కొట్టు నడుపుతున్న మనిషికి. ఆయన ఓపిగ్గా విని, "కాగితం మీద బాగానే ఉందండి" అని మొదటి పెట్టెకి రసీదు రాశాడు. కాశీబుగ్గ పక్కనున్న పలాస స్టేషన్లో రైలు దిగేదాకా ఆ పెట్టె నా ఒళ్ళోనే ఉంది.

రికార్డింగు మా ఫ్యాక్టరీ గోడౌనులో చేశాం. మావ ఇంట్లో చేస్తే సముద్రం హోరు మైకులో పడుతుంది. మా ఇల్లు రైలు పట్టాల పక్కన. గోడౌనులో నాలుగు వైపులా జీడిపిక్కల బస్తాలు కప్పు దాకా ఉంటాయి. మెత్తటివి, గరుకువి శబ్దాన్ని మింగుతాయని, ప్రతిధ్వని రానివ్వవని పుస్తకంలో చదివాను. నిజంగానే అక్కడ చప్పట్లు కొడితే చప్పట్ల తర్వాత ఏమీ మిగలదు. యజమానిని అడిగితే ఆదివారాలు తాళం ఇచ్చాడు.

పూటకి రెండు పాటలే. అంతకు మించి మావ వాయించలేకపోయేవాడు. నాలుగు ఆదివారాలు పట్టింది. హెడ్‌ఫోను పెట్టుకుని మొదటిసారి విన్నప్పుడు మావ నా వైపు చూడకుండా, "ఇదేటి, నా వేళ్ళ గోళ్ళు కూడా ఇనబడతన్నాయి" అన్నాడు. పెట్టె మంచిదే ఎంచుకున్నానని ఆ క్షణం ఎంత పొంగిపోయానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

తర్వాత అత్త చెవిలో గుర్తు సంగతి. టిక్కు టిక్కుమని లెక్క పెట్టే శబ్దం ఒకటి ల్యాప్‌టాప్‌లోనే ఉంది. అత్త అరనిమిషం విని హెడ్‌ఫోను తీసి బస్తా మీద పెట్టేసింది.

"గోడగడియారం ఎనకాల నాను పాడనురా. అది పాటేటి, పరీచ్చేటి."

"మరెలా అత్తా?"

"ఈయన సూపుతోటి సెప్పేవోడు. నువ్వు సూపులు రికార్డింగు సెయ్యగలవేటి?"

మావ నవ్వి, మైకు తన నోటి దగ్గరికి లాక్కున్నాడు. "సూపులు నేపోతే మాటలే ఎడదాం" అన్నాడు. అలా ప్రతి పాటకీ కుడివైపు మావ గొంతు చేరింది. వల దగ్గర పాట చెప్పినట్టే. ఒకటి, రెండు, ఆ. ఊపిరి తీసుకో. తొందరపడకు. ఇప్పుడు సరణం. ఎక్కడో ఒక చోట తన భార్యని సతాయించడం కూడా ఉంది. అవి తీసేద్దామంటే అత్త వద్దంది.

సంబరం రోజు మధ్యాహ్నం మూడింటికే అమ్మవారి ఘటాల ఊరేగింపు ముగిసింది. నాలుగింటికి మా పాటలు. కొబ్బరితోట పక్కన ఇసుకలో డ్రమ్ముల మీద చెక్కలు పరిచి స్టేజీ కట్టారు. మైకుసెట్టు కాశీబుగ్గ నుంచి వచ్చింది. దాని ఆసామిని అందరూ బావ అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. పని తెలిసిన మనిషి. ఆయన ఆంప్లిఫయరు నుంచి వచ్చే వైరు చివర రెండు పిన్నులుంటాయి, కవలల్లాగా. పాటల డిస్కులు వేసే ప్లేయరు వెనక ఆ రెండూ పెట్టి తీరాలని ఆయన నియమం. ఒక పిన్ను ఊడితే వాయిద్యాలు వచ్చి గొంతు రాకపోవడం, గొంతు వచ్చి వాయిద్యాలు రాకపోవడం ఆ డిస్కులతో ఆయనకి వెయ్యిసార్లు అనుభవం.

"బావా, ఎడమవైపు పిన్ను ఒక్కటే పెట్టు. రెండోది వదిలెయ్" అన్నాను.

"వదిలేత్తే సగం పాటే వత్తాది."

"ఇందులో పాటంతా ఎడమవైపే ఉంది."

"ఎందుకలగెట్టావు?"

నిజం చెబితే కుడివైపు ఏముందో చెప్పాలి. అది చెబితే మావ సంగతి చెప్పాలి. "అదంతే బావా, కొత్త పద్ధతి" అన్నాను. బావ భుజాలెగరేసి, "సదువుకున్నోడివి, నీ ఇట్టం" అని వెళ్ళిపోయాడు. రెండో పిన్ను బల్ల అంచు మీదనుంచి వేలాడుతూ ఉండిపోయింది.

మొదటి రెండు పాటలూ అనుకున్నట్టే నడిచాయి. మావ కొత్త చొక్కా వేసుకుని, డోలకు ఒళ్ళో పెట్టుకుని, తల ఊపుతూ చేతులు ఆడించాడు. వేళ్ళు తోలుకి తగిలీ తగలనట్టు. ఆ శబ్దం మైకుసెట్టు హారన్లలోంచి తోటంతా కమ్ముకుంది. ముందు వరసలో వల పాట చెప్పే ముసలాయన కూర్చున్నాడు. మావకి తాడు పట్టుకోవడం నేర్పింది ఆయనే. "ఆ సెయ్యి అలగే ఉందిరా, ఏటీ తగ్గనేదు" అని పక్కవాడితో అనడం నాకు వినబడింది. మావకీ వినబడింది. ఆయన మొహంలో ఆ సంతోషం చూసి నేను కీబోర్డు మీద ఒక స్వరం తప్పాను.

రెండో పాట అవగానే వెనక కొబ్బరిచెట్ల కింద ఆడవాళ్ళు, "ఇనబడ్డంనేదు" అని కేకలేశారు. నేను అత్తకి నీళ్ళ గ్లాసు అందిస్తున్నాను. బావ గబగబా వచ్చి నా బల్ల వెనక వంగాడు. ఖాళీ కన్నం, వేలాడుతున్న పిన్ను. ఊడిపోయిందనుకున్నాడో, నా కొత్త పద్ధతి మీద నమ్మకం లేకపోయిందో. నాకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు, అది మాత్రం ఖాయం. ఆయన మళ్ళీ ఆంప్లిఫయరు దగ్గరికి వెళ్ళడం చూశాను గాని, ఏం చేసి వెళ్ళాడో చూడలేదు.

మూడో పాట మొదలుపెట్టాను.

"ఒకటి... రెండు... ఆ" అన్నాయి నాలుగు హారన్లూ.

మావ గొంతు. మావ నోరు మూసే ఉంది.

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అత్త అలవాటు కొద్దీ పాట ఎత్తుకుంది. హారన్లు మళ్ళీ అన్నాయి. "ఊపిరి తీసుకోవే. తొందరపడకు. నీకెప్పుడూ తొందరే."

జనం గొల్లుమన్నారు.

"ఓలమ్మ, కడుపుతోటి మాటాడతన్నాడే."

"పెళ్ళాం ఊపిరి కూడా ఈయన సెప్తేనే తియ్యాలేటి?"

నేను బల్ల వెనక చెయ్యి పెట్టి పిన్ను కోసం వెతికాను. రెండు పిన్నులూ ఒకేలా ఉన్నాయి. తప్పుది పీకితే డోలకు పోయి గొంతు ఒక్కటే మిగులుతుంది. ఆ భయంతో చెయ్యి ఆగిపోయింది. ఎడమ ఏదో కుడి ఏదో కొట్టాయనకి పాఠం చెప్పినవాణ్ణి, వెనకనుంచి తడిమి చూస్తే తేల్చుకోలేకపోయాను.

అప్పుడు మావ చేతులు తీసేశాడు. రెండు చేతులూ ఎత్తి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. డోలకు మోగుతూనే ఉంది. సన్నగొంతూ, బరువుగొంతూ, వేళ్ళ గోళ్ళతో సహా. నవ్వులు ఒక్కో వరసలో ఆగుతూ వెనక్కి వెళ్ళాయి. అత్త పాడడం ఆపేసింది. నేను అంతా ఆపాను.

ముందు వరసలో ముసలాయన లేచి నిలబడ్డాడు.

"ఉత్తసెయ్యేట్రా?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. మావ అవునన్నట్టు తల ఊపాడు.

"ఎందుకురా?"

మావ పంచె అంచు కొంచెం పైకి లాగి పాదాలు చూపించాడు. అంతే. ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది. ఆ ఇసుకలో కూర్చున్నవాళ్ళలో అలాంటి పాదాలు ఇంట్లో లేనివాళ్ళు తక్కువ.

ముసలాయన మళ్ళీ కూర్చుంటూ, "లాగలేనోడు పాట సెప్పాల. పాట సెప్పినోడికి వాటా మానేసామేట్రా ఎప్పుడైనా?" అన్నాడు.

"సెప్పాను గదా పెద్దయ్యా. మీరిన్నది అదే" అన్నాడు మావ.

డోలకుని ఒళ్ళోంచి దించి చెక్కల మీద పెట్టాడు. ఇద్దరు పట్టుకుంటే స్టేజీ దిగి, వెళ్ళి ముసలాయన పక్కన ఇసుకలో కూర్చున్నాడు. బావ వచ్చి ఒక పిన్ను పీకి నా చేతికిచ్చాడు. సరైనదే పీకాడు. "నాకు ముందే సెప్పుంటే నా పానం పోయినా ఎట్టుదునేట్రా" అన్నాడు. నాకు ఎడమ కుడి తెలుసు. దాచిపెట్టిన విషయం పని తెలిసిన మనిషి చేత కూడా తప్పు చేయిస్తుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. బహుశా ఆ చెదలు తిన్న పేజీల్లోనూ ఉండదు.

మిగిలిన పాటలు అత్త పాడింది. చెక్కల మీద డోలకు ఒక్కటే ఉంది, ఎవరూ ముట్టుకోకుండా. మావ ఇసుకలో కూర్చుని తన వాయింపు తనే విన్నాడు. ఎప్పుడూ జనంలో కూర్చుని వినలేదు కదా. ఆయన మొహం వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఏటా చివర్లో కమిటీవాళ్ళు డోలకు వాయించినవాడికి కొత్త తువ్వాలు కప్పుతారు. ఆ రోజు తువ్వాలు పట్టుకున్న పెద్దమనిషి స్టేజీ మీద తికమకపడ్డాడు. నా వైపు చూశాడు, అత్త వైపు చూశాడు, కిందికి చూసి, "ఎవులికెయ్యాలిది?" అని అడిగాడు. "డోలకుకి ఎయ్యండి" అన్నాడు మావ. వేశారు. ఎవరూ నవ్వలేదు. వెక్కిరించినా బాగుండేదనిపించింది నాకు.

రాత్రి భోజనాలకి ఉండమన్నా ఉండకుండా, సాయంత్రం బస్సుకి బయల్దేరాను. బస్టాండుకి వెళ్ళే ఆటో దాకా మావ వచ్చాడు.

"నాలుగు కన్నాలది కొనుంటే ఇలా జరిగేది కాదు మావా. కొట్టాయన చెప్పాడు. నేనే వినలేదు" అన్నాను.

"నాలుగు కన్నాలదాంట్లో రెండు మొకాలూ పడతాయేటి?"

"పడవు."

"మరేటి? పెట్టె మంచిదే కొన్నావు. నానే కూకోకూడని సోట కూకున్నాను."

నన్ను ఓదార్చడానికే అన్నాడు. ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది నేను.

ఆ తర్వాత మావ డోలకు పట్టుకోలేదు. మరుసటి ఏడు సంబరం నాటికి ఆయన లేడు. అయినా ఊరివాళ్ళు మమ్మల్నే పిలిచారు. అదే చెక్కల స్టేజీ, అదే మైకుసెట్టు. డోలకు మధ్యలో పెట్టి తువ్వాలు కప్పాం. పాటలకి ముందు ఆ ముసలాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"బాబూ, ఈసారి ఆ రెండో పిన్ను కూడా ఎట్టు. ఆడి గొంతు ఇందాం."

బావ అప్పటికే పిన్ను చేతిలో పట్టుకున్నాడు. నేను అత్త వైపు చూశాను. ఆమె కుడి చెవిలో తీగ సర్దుకుంటోంది.

"వద్దురా. ఎవులికీ తెలీకూడదన్నాడు గదా. తెలిసింది సాలు. ఆ లెక్క నాకు సెప్పింది" అంది.

ముసలాయన వెళ్ళి తన చోట కూర్చున్నాడు. బావ జేబులో వెతికి చిన్న రబ్బరు ముక్క తీసి, కుడి కన్నంలో కుక్కి, "ఇంక నానైనా ఎట్టనేను" అన్నాడు.

నేను పాట మొదలుపెట్టాను. అత్త కళ్ళు మూసుకుని, నాకు వినబడని లెక్క కోసం ఆగి, ఊపిరి తీసుకుంది.